ఇంగ్లీషువాడి ‘రన్’ దగ్గర మీరెప్పుడైనా బోల్తా పడ్డారా?

డాలస్ కోడలు:
మా మామగారు ఇండియా నుంచి వచ్చి మూడు వారాలైంది. షుగర్ మందుల కోసం ఇక్కడ డాక్టరుకి చూపించాం. ఆవిడ వివరాలు రాసుకుంటూ ‘డస్ డయాబెటిస్ రన్ ఇన్ యువర్ ఫ్యామిలీ?’ అంది. నేను నోరు తెరిచేలోపే మామగారు అందుకుని, ‘నో నో, ఇన్ అవర్ ఫ్యామిలీ నోబడీ రన్స్. ఓన్లీ వాకింగ్’ అన్నారు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వింది. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషులో ఫైళ్ళు రాసిన మనిషి కదా, కారులో చిన్నబుచ్చుకుని కూర్చున్నారు. ‘మీ వంశంలో ఉందా అని అడగొచ్చుగా, మధ్యలో ఈ పరుగేంటమ్మా’ అన్నారు. నాకూ జవాబు తోచలేదు. మీలో ఎవరికైనా ఈ మాటతో ఇలాంటివి జరిగాయా?

బగ్గుల బుట్ట:
జరక్కపోవడమా! ఉద్యోగంలో చేరిన కొత్తలో మేనేజరు ‘రన్ ఇట్ బై మీ బిఫోర్ యూ సెండ్ ఇట్’ అని మెయిల్ పెట్టాడు. నాకు తెలిసిన రన్ ఒక్కటే, ప్రోగ్రాం రన్ చేయడం. స్క్రిప్టు రెండుసార్లు రన్ చేశా, ఎర్రర్లు రాలేదు, క్లయింటుకి పంపేశా. మర్నాడు పిలిచి రన్ చేయకుండా ఎందుకు పంపావంటాడు. చేశానంటాను నేను. పావుగంట ఎవరి రన్ గురించి వాళ్ళం వాదించుకున్నాం. తర్వాత అర్థమైంది, మనం ‘పంపేముందు ఒకసారి నా చెవిన వెయ్యి’ అంటామే, అచ్చంగా అదే. మా టీంలోకి వచ్చే తెలుగు పిల్లలకి ఇప్పుడు ఇలాగే చెప్తున్నా.

అంతర్వేది గాలి:
మీది నయం. నేను మా ఆఫీసులో ఒకావిడతో ‘నిన్న మాల్‌లో మీ ఆయన్ని రన్ ఓవర్ చేశాను’ అన్నాను. అనుకోకుండా ఎదురుపడ్డాడని నా ఉద్దేశం. ఆవిడకి వినపడింది మాత్రం కారు ఎక్కించేశానని. ఎదురుపడితే రన్ ఇంటూ అనాలట. అదీ పూర్తిగా క్షేమం కాదు, కారు వెళ్ళి గోడని గుద్దినా రన్ ఇంటూనే.

పాత పంతులు:
ఒంగోలు దగ్గర ఇరవై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. పిల్లలచేత రన్-ర్యాన్-రన్ అని వల్లె వేయించడం, ఎదురుగా ‘పరిగెత్తు’ అని రాయించడం. నా పాపం కూడా ఇందులో కొంత ఉంది.

ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు మొదటి ముద్రణ 1928లో పూర్తయినప్పుడు అందులో అన్నిటికంటే పొడుగు వివరణ ‘సెట్’ అనే మాటకి ఉండేది. సవరణలు చేస్తూ వస్తే ‘రన్’ దాన్ని దాటిపోయింది. ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి. ఆ ఒక్క మాటని ఒక సంపాదకుడు తొమ్మిది నెలలు మోశాడు. అన్ని అర్థాలకీ మనం ‘పరిగెత్తు’ ఒక్కటే రాయిస్తే పిల్లవాడు ఏమైపోతాడు?

చెప్పీ చెప్పీ నాకు పట్టుబడిందేమిటంటే, ఇంగ్లీషువాడు పరిగెత్తే చోట తెలుగువాడు నడుస్తాడు. వాడు హోటలు రన్ చేస్తాడు, మనం నడుపుతాం. బడి, పత్రిక, ప్రభుత్వం, సంసారం అన్నీ మనకి నడిచేవే. గడియారం నడుస్తుంది, కేసు నడుస్తుంది. చివరికి ఏలినాటి శని కూడా నడుస్తుంది, ఎంత త్వరగా పోతే బాగుండునని ఉన్నా సరే. ‘నడుపు’ అని అనుకుని చదివితే సగం రన్‌లు విడిపోతాయి. డాలస్ కోడలుగారూ, మీ మామగారు ‘ఓన్లీ వాకింగ్’ అన్నది తెలుగు లెక్కన తప్పేం కాదని నా మాటగా చెప్పండి.

తడి తగిలిన చోట మాత్రం మనకి వేరే మాటలున్నాయి. ముక్కు కారుతుంది, ఏరు పారుతుంది, చీర రంగు దిగి పక్కబట్టకి అంటుకుంటుంది. ఈ మూడింటికీ వాడిది ఒకటే రన్. ఇక సినిమా మనకి నడవదు, పారదు, ‘ఆడుతుంది’. వంద రోజులు ఆడిందంటాం. వాడు దాన్నీ రన్ అనే అంటాడు.

కరీంనగర్ పోరడు:
సార్, మా దిక్కు పరిగెత్తుడు అనం, ఉరుకుడు అంటం. ‘నడుస్తది’ మాట మీద నాకూ ఒక దెబ్బ తగిలింది. చాయ్‌ల చక్కెర తక్కువైంది, నడుస్తదా? నడుస్తది. గట్ల అంటం కద. బెంగుళూరు ఆఫీసుల ఒకామె రిపోర్టు జూపెట్టి గిట్లుంటే సరిపోతదా అని అడిగింది. ‘ఇట్ విల్ రన్’ అన్న. ఆమెకు సమజ్ కాలే. ‘ఇట్ విల్ డూ’ అనాల్నట. అంటే నడుపుడుకు రన్ పెట్టొచ్చు గని, నడుస్తదికి ప్రతిసారి పెట్టరాదు.

పాత పంతులు:
మంచి మాట పట్టావు నాయనా. నా సూత్రం ఒకవైపే పనిచేస్తుందన్నమాట. ఒప్పుకుంటున్నా.

లెస్టర్ వాన:
ఇంగ్లీషువాడు అని అందర్నీ ఒక గాటన కట్టకండి పంతులుగారూ. ఎన్నికల్లో అమెరికావాడు రన్ అవుతాడు, ఇక్కడ బ్రిటన్‌లో మాత్రం ‘స్టాండ్’ అవుతారు. ఫలానాయన పార్లమెంటుకి స్టాండ్ అవుతున్నాడని మొదటిసారి టీవీలో విన్నప్పుడు మా ఊళ్ళో మాటే అనిపించింది. సర్పంచికి ఎవరు నిలబడ్డారు, ఈసారి మీ బాబాయి నిలబడుతున్నాడా అని అడుగుతాం కదా. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నది మన సామెతే మరి. నిలబడినవాళ్ళు నీళ్ళతో సరిపెట్టుకుంటారా అంటే అది వేరే చర్చ.

అంతర్వేది గాలి:
‘రన్ అవుట్’ ఎవరూ ఎత్తలేదేం? క్రికెట్‌ది కాదు, వంటింటిది. పాలు అయిపోతే ‘వియ్ ర్యాన్ అవుట్ ఆఫ్ మిల్క్’ అంటారు. అందులో పెద్ద చిక్కేం లేదు. నా ఇబ్బంది ఏంటంటే, మా అమ్మ బియ్యం ‘అయిపోయాయి’ అననిచ్చేది కాదు. ‘నిండుకున్నాయి’ అనాలి. దీపం ఆరితే కొండెక్కిందనాలి. డబ్బా ఖాళీ అయితే నిండుకుందనే భాష నుంచి వచ్చి, దాన్ని ఇంగ్లీషులోకి తిప్పబోయి నా రూమ్మేటుతో ‘రైస్ ఈజ్ ఫుల్’ అన్నాను ఒకసారి. ఆ వారం ఎవరూ బియ్యం కొనలేదు.

బగ్గుల బుట్ట:
😂 ఇది ప్రింటు తీసి గోడకి అంటించాలి.

నాకు నిజంగా భయం పుట్టించిన రన్ ఇంకొకటుంది. 2023 మార్చిలో కాలిఫోర్నియాలో ఒక బ్యాంకు మీద ‘రన్’ మొదలైందని మా ఆఫీసంతా గోల. డిపాజిట్లు వేసినవాళ్ళంతా ఒక్కసారిగా ఎగబడి డబ్బు వెనక్కి అడగడం. ఒక్క రోజులో 42 బిలియన్ డాలర్లు అడిగారు. పాతరోజుల్లో అయితే బ్యాంకు ముందుకి జనం నిజంగానే పరుగెత్తుకొచ్చి వరస కట్టేవారు. ఆ రోజు మా ఆఫీసులో ఒక్కడు కూడా కుర్చీలోంచి లేవలేదు, అంతా ఫోన్లలోనే. మర్నాటికి బ్యాంకు మూతపడింది.

డాలస్ కోడలు:
పంతులుగారూ, మీ మాట మామగారికి చదివి వినిపించాను. మొహం వెలిగిపోయింది. వెంటనే ఇంకో ప్రశ్న వేశారు. ఆయనకి బూట్లు కొందామని చూస్తుంటే కింద రివ్యూల్లో అందరూ ‘రన్స్ స్మాల్’ అని రాశారు. చిన్న పరుగులకే పనికొస్తాయేమో, మనకి వాకింగే కదా, కొనెయ్యమంటున్నారు.

లెస్టర్ వాన:
ఆపండి ఆపండి! ఆ కంపెనీ బూట్లు మామూలు సైజు కంటే చిన్నగా వస్తాయని దాని అర్థం. ఒక సైజు పెద్దది పెట్టండి.

పిల్లల తెలుగు బడి:
ఒక సందేహం. మా క్లాసులో పిల్లలు అడిగారు, రన్ పక్కన ఇంటూ, ఓవర్, అవుట్ లాంటి తోక మారితే అర్థం అంతగా ఎందుకు మారిపోతుందని. ఇంగ్లీషు మాట్లాడే దేశంలో పుట్టిన పిల్లలకి వాళ్ళ ఇంగ్లీషు నేను విడమరిచి చెప్పాల్సి రావడం విచిత్రమే అనుకోండి.

పాత పంతులు:
‘పెట్టు’ చూపించండి. కనిపెట్టు, భయపెట్టు, మొదలుపెట్టు, తాకట్టుపెట్టు, విడిచిపెట్టు. భయపెట్టినప్పుడు ఎక్కడా ఏమీ పెట్టం కదా. విడిచిపెట్టినప్పుడైతే చేతిలో ఉన్నది కూడా పోతుంది. మనకి ఆ కలిసే మాట ముందొస్తుంది, వాళ్ళకి వెనకొస్తుంది. కాబట్టి రన్ అర్థం ఏమిటని అడిగితే దాని తోకేమిటని ఎదురడగాలి. జాబితాలు బట్టీ పట్టించకండి, నేను పట్టించాను, పరీక్ష మర్నాటికి ఒక్కటీ మిగల్లేదు.

కరీంనగర్ పోరడు:
సార్, ఆఖరుది ఒక్కటి. ‘హిట్ అండ్ రన్’కు మన తెలుగు పేపరోళ్ళు ఏం రాస్తరు? గుద్ది ఉరికిండు అని ఎన్నడు సూడలే.

అంతర్వేది గాలి:
ఆ ఉరికినవాడు మన పేపర్లో కనపడడు. ‘గుర్తుతెలియని వాహనం ఢీకొని’ అని ఉంటుంది, రేపు చూడు.