మేం కూడా ‘బ్లాక్’ అవుతామా? ఆఫ్రికన్, కరీబియన్ వాళ్ళతో మీ అనుభవాలు చెప్పండి

క్రాయిడన్_నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్కారం. దక్షిణ లండన్‌లో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నాను. వచ్చి నాలుగేళ్ళు. మా వార్డులో సీనియర్ సిస్టర్ ఒకావిడ ఉన్నారు. వాళ్ళమ్మ 1950ల్లో జమైకా నుంచి వచ్చి ఇక్కడే నర్సుగా చేసి రిటైరయ్యారు. పోయిన వారం టీ బ్రేక్‌లో ఒక కాగితం నా చేతిలో పెట్టి, “బ్లాక్ స్టాఫ్ మీటింగ్ ఉంది, నువ్వూ రా” అన్నారు. “నేను ఇండియన్‌ని కదా” అని నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. “మా రోజుల్లో నువ్వూ బ్లాకే” అన్నారు.

పక్కనే ఉన్న నైజీరియా అమ్మాయి ఒప్పుకోలేదు. “ఈమె ఎట్లా అవుతుంది? మా లాగోస్‌లో ఉన్నన్నాళ్ళూ నేను యోరుబా తెగదాన్ని. ఈ దేశంలో దిగాకే బ్లాక్ అయ్యాను. నాకే ఇంకా అలవాటు కాలేదు, మళ్ళీ అందులో ఈమెకి కూడా చోటా?” అంది. ఇద్దరూ నావైపు చూశారు. నేను కప్పు కడుక్కునే వంకతో లేచి వచ్చేశాను.

వెళ్ళాలా, వద్దా? ‘మా రోజుల్లో’ అంటే ఏ రోజులు? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఈస్టన్_శ్రీను:
ఆవిడ ఊరికే అనలేదండీ. నేనుండేది బ్రిస్టల్. ఇక్కడి బస్‌స్టేషన్‌లో ఒక ఫలకం ఉంది, రోజూ దాని ముందునుంచే పోతూ రెండేళ్ళ దాకా చదవలేదు.

1963 దాకా ఈ ఊళ్ళో బస్సు కంపెనీ తెల్లవాళ్ళు కానివాళ్ళని డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకునేది కాదు. వర్క్‌షాపులో, క్యాంటీన్‌లో పనికైతే సరే. యూనియన్ వాళ్ళు కూడా తక్కువ తినలేదు, వాళ్ళని బస్సు ఎక్కించొద్దని 1955లోనే తీర్మానం చేసి పెట్టుకున్నారు. పాల్ స్టీఫెన్‌సన్ అని ఒకాయన, తండ్రిది పశ్చిమాఫ్రికా, తల్లి ఇంగ్లీషావిడ. ముందు ఫోన్ చేసి ఖాళీలున్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నారు. అప్పుడు గై బెయిలీ అనే జమైకా కుర్రాణ్ణి ఇంటర్వ్యూకి పంపాడు. కుర్రాడు ఎదురుగా వచ్చి నిలబడేసరికి ఖాళీల్లేవన్నారు.

ఏప్రిల్ 30న బస్సులెక్కడం మానేయండని పిలుపిచ్చారు. రాయ్ హ్యాకెట్, ఓవెన్ హెన్రీ లాంటి కరీబియన్ వాళ్ళు ముందు నిలబడ్డారు. నాలుగు నెలలు నడిచింది. ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది. వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ పెద్ద ప్రసంగం చేసింది కూడా సరిగ్గా ఆ రోజే.

ఇక సెప్టెంబర్ 17న ఆ కంపెనీలో తెల్లవాడు కాని మొదటి కండక్టర్ డ్యూటీ ఎక్కాడు. ఎవరనుకున్నారు? రఘుబీర్ సింగ్ అనే సిక్కు. కొట్లాడింది కరీబియన్ వాళ్ళు, మొదటి టికెట్ కొట్టింది మనవాడు. మీ సిస్టర్ గారి ‘మా రోజులు’ అక్కణ్ణుంచే మొదలు.

రెడింగ్_రామం:
శ్రీను గారూ, బాగా చెప్పారు గానీ అది అరవై ఏళ్ళనాటి మాట. 1991 సెన్సస్ నుంచి ఎవరి గడి వాళ్ళకుంది. జాతి సమానత్వం చూసే ప్రభుత్వ కమిషనే 1988లో ఆసియా వాళ్ళని ‘బ్లాక్’ కింద లెక్కెయ్యడం ఆపమంది. తారిఖ్ మదూద్ లాంటి ప్రొఫెసర్లు కూడా అదే వాదించారు. మామూలు గుజరాతీ, పంజాబీ వాళ్ళు ఇంట్లో ఏనాడూ తమని బ్లాక్ అనుకోలేదు, అది కార్యకర్తల మాట. ఒకరి బాధ ఇంకొకరి పేరుతో చెప్తే ఇద్దరిదీ పోతుంది. నైజీరియా అమ్మాయి చెప్పిందే కరెక్టు. మీటింగుకి వెళ్ళకండి, మీకు మీ గ్రూపు ఉంటుంది.

లీడ్స్_లైబ్రరీ:
రామం గారి మాట సగం నిజం. ఇళ్ళల్లో ఎవరూ అనుకోలేదు, ఒప్పుకుంటాను. వీధిలో మాత్రం ఆ పేరుతో పనులు జరిగాయి.

క్లాడియా జోన్స్ సంగతే చూడండి. పుట్టింది ట్రినిడాడ్‌లో, పెరిగింది అమెరికాలో. కమ్యూనిస్టు అని 1955లో అక్కణ్ణుంచి గెంటేస్తే లండన్ వచ్చింది. 1958లో బ్రిక్స్‌టన్‌లో ఒక రికార్డుల దుకాణం పైన పత్రిక మొదలుపెట్టింది. ఆ పత్రిక పూర్తి పేరులో వెస్టిండియన్‌తో పాటు ఆఫ్రో, ఆసియన్, కరీబియన్ మాటలన్నీ ఉన్నాయి. అదే ఏడాది నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి. అందరూ బిక్కచచ్చి ఉన్నప్పుడు, 1959 జనవరి చలిలో, సెయింట్ పాంక్రాస్ టౌన్‌హాల్లో నాలుగు గోడల మధ్య కార్నివాల్ పెట్టింది. ఇప్పుడు ఆగస్టులో మనందరం సెల్ఫీలు దిగే నాటింగ్ హిల్ కార్నివాల్‌కి అది కూడా ఒక మూలం.

ఇంకొకటి. ఆడవాళ్ళ సంఘం ఒకటి 1978లో వచ్చింది. మొదట ఆఫ్రికా, ఆఫ్రికా సంతతి స్త్రీల సంఘం అని పేరు పెట్టుకుని, తర్వాత ‘ఆఫ్రికా, ఆసియా సంతతి’ అని మార్చుకున్నారు. 1979లో హీత్రూలో ఇమిగ్రేషన్ వాళ్ళు, పెళ్ళి చేసుకోవడానికి వచ్చిన ఒక ఇండియన్ అమ్మాయికి కన్యత్వ పరీక్ష చేయించారని బయటపడింది. అవును, సరిగ్గానే చదివారు. దాని మీద ఆసియా ఆడవాళ్ళతో పాటు ఈ సంఘం వాళ్ళు కూడా ఎయిర్‌పోర్టుకి వెళ్ళి నిరసన చేశారు. లండన్ సౌతాల్‌లో ఆసియా, ఆఫ్రికన్-కరీబియన్ ఆడవాళ్ళకి అండగా అదే ఏడాది పుట్టిన సంస్థ పేరేమిటో తెలుసా? సౌతాల్ బ్లాక్ సిస్టర్స్. ఇవాళ్టికీ పేరు మార్చుకోలేదు.

గయానా_కోడలు:
నాది ఇంకో తికమక. మా ఆయన వాళ్ళది గయానా, దక్షిణ అమెరికా ఒడ్డున ఉన్నా కరీబియన్ కిందే లెక్కేసే దేశం. వాళ్ళ ముత్తాత మద్రాసు రేవులో ఓడెక్కి చెరుకుతోటల కూలికి వెళ్ళాడు. 1838 నుంచి 1917 దాకా అలా వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది కలకత్తా నుంచే, మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళు కొద్దిమంది, వాళ్ళలో తమిళులూ తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి ‘మద్రాసీ’ అన్నారు, అంతే. మా అత్తగారికి ఒక్క తెలుగు ముక్క రాదు. చెయ్యి తిప్పుతూ మాట్లాడితే మాత్రం అచ్చం మా తెనాలి పెద్దమ్మే.

ఇక్కడ ఫారమ్‌లో ‘కరీబియన్’ గడి ‘బ్లాక్’ శీర్షిక కింద ఉంటుంది. ‘ఇండియన్’ ‘ఏషియన్’ కింద. ఆవిడ పుట్టింది కరీబియన్‌లో, ఆ నేల మీద ప్రాణం, ఇండియా మొహం చూడలేదు. ఎక్కడ టిక్ పెట్టాలి? ప్రతిసారీ ‘ఇతరులు’లో పెట్టి పెన్ను బల్ల మీద విసిరేస్తారు.

అందరం ఒకటే అని మరీ తియ్యగా మాట్లాడుకోవద్దు కూడా. గయానాలో 1955లో జగన్, బర్న్‌హామ్ విడిపోయాక (మన ఏపీ జగన్ కాదు, ఛెద్ది జగన్!) ఇండియన్లు ఒక పార్టీకి, ఆఫ్రికన్లు ఒక పార్టీకి ఓటేసే అలవాటు పడింది. 1960ల్లో రక్తాలు పారాయి. మా మావగారు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే గొంతు తగ్గిస్తారు.

ఈస్ట్‌హామ్_బ్యాచిలర్:
అన్నలూ అక్కలూ, చరిత్ర బాగుంది గానీ మన బుద్ధుల సంగతేంటి? నేను వచ్చిన కొత్తలో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రూమ్ అడిగితే వచ్చిన మొదటి సలహా, “ఆ ఏరియా వద్దు తమ్ముడూ, నల్లోళ్ళు ఎక్కువ” అని. దానికి పదహారు లైకులు.

పోయినేడాది నాతో పనిచేసే ఘనా అతన్ని మా ఇంట్లో ఖాళీ అయిన గదికి తీసుకొచ్చాను. ఓనరు మనవాడే, పేరెందుకులెండి. అతను వెళ్ళాక నాతో, “వేరేగా అనుకోకు, వంట వాసన పడదు మనకి” అన్నాడు. ఇంతకీ ఆ రోజు కిందింట్లో ఎండు చేపలు వేగుతున్నాయి. మావే. అతనికి ఏదో అబద్ధం చెప్పాను, గది వేరేవాళ్ళకి ఇచ్చేశారని. నమ్మినట్టు తలూపాడు. అలా తలూపడం అతనికి కొత్తేం కాదని అప్పుడు అర్థమైంది.

లీడ్స్_లైబ్రరీ:
@ఈస్ట్‌హామ్_బ్యాచిలర్ 1950ల్లో కిటికీల్లో ‘కలర్డ్ వాళ్ళకి ఇవ్వం’ అని అట్టముక్కలు పెట్టేవాళ్ళు. జాతి వివక్ష మీద 1965లో వచ్చిన మొదటి చట్టం ఇళ్ళ అద్దెల జోలికి పోలేదు. 1968 చట్టంతో అది కూడా చట్టవిరుద్ధమైంది. మీ ఓనరు చేసింది చట్టవిరుద్ధం.

ఈస్ట్‌హామ్_బ్యాచిలర్:
తెలుసు అక్కా. నేను ఇంకా అదే ఇంట్లో ఉంటున్నాను, అదీ సంగతి.

గుంటూరు_టు_గ్లాస్గో:
ఓనర్లు వంట వాసన అనకపోతే ఇంకోటి అడుగుతారు. నన్ను ఫోన్‌లోనే “మీరేవిట్లు?” అని అడిగారు. చెప్పాక గది లేదన్నారు. గై బెయిలీకి ఎదురుగా నిలబడ్డాక చెప్పారు, నాకు ఫోన్‌లో చెప్పారు, బస్సు ఛార్జీ మిగిలింది.

ఇది తెలుగువాళ్ళకి చెప్తే “ఇక్కడ కూడా కులం ఎందుకు తీస్తావు” అంటారు. మా ఆఫీసులో బార్బడోస్ ఆవిడకి రెండు ముక్కల్లో చెప్తే ఆవిడకి మూడో ముక్క అవసరం రాలేదు. బొంబాయిలో 1972లో దళిత్ పాంథర్స్ పెట్టినవాళ్ళు అమెరికా బ్లాక్ పాంథర్స్‌ని చూసే ఆ పేరు పెట్టుకున్నారు, మనవాళ్ళు ఎక్కువమందికి తెలీదు. బ్రిటన్‌లో కులాన్ని సమానత్వ చట్టంలో స్పష్టంగా చేర్చాలని 2013లో పార్లమెంటు చెప్పింది. 2018లో ప్రభుత్వం చేర్చబోమని తేల్చేసింది. కోర్టు తీర్పులే చాలన్నారు.

రామం గారూ, నాకు ఏ గడి ఇస్తారు?

రెడింగ్_రామం:
అమ్మా, మీకు జరిగింది తప్పే, కాదనను. కానీ నేనన్నది కూడా ఆలోచించండి. ‘బ్లాక్’ అన్న గొడుగు కింద ఆఫ్రికన్లు, కరీబియన్లే ఒకటిగా లేరు. 2001 దాకా కరీబియన్లు ఎక్కువ. 2021 లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో ఆఫ్రికన్లు దాదాపు 15 లక్షలు, కరీబియన్లు 6 లక్షల పైచిలుకు. మా ఆఫీసులో ఘనా అతను, చిన్నప్పుడు స్కూల్లో తన యాసని ఎక్కువ ఎగతాళి చేసింది కరీబియన్ పిల్లలేనని చెప్పాడు. రాజకీయాలు కూడా అంతే. 1987లో నల్లవాళ్ళు, ఆసియా వాళ్ళు కలిపి నలుగురు పార్లమెంటుకి గెలిచారు, డయాన్ ఆబట్, బెర్నీ గ్రాంట్, పాల్ బోటెంగ్, కీత్ వాజ్. నలుగురూ లేబర్ వాళ్ళే. వాజ్ గోవా సంతతి, అయినా అప్పట్లో పార్టీలో ‘బ్లాక్ సెక్షన్’ అనే నల్లవాళ్ళ, ఆసియా వాళ్ళ బృందం అంటే ఆయన కూడా అందులోనే. ఇప్పుడు చూడండి, 2024లో కన్జర్వేటివ్ పార్టీకి నాయకురాలైన కెమీ బేడెనాక్‌ది నైజీరియా కుటుంబం, ఆవిడ మాటలకీ డయాన్ ఆబట్ మాటలకీ పొంతనుందా? రంగుని బట్టి రాజకీయం చెప్పే రోజులు పోయాయి.

గుంటూరు_టు_గ్లాస్గో:
గడి మాత్రం చెప్పలేదు.

చీటీల_అక్క_ఖమ్మం:
వాదనలు ఆపి కాసేపు డబ్బుల సంగతి వినండి. నేను పనిచేసే కేర్‌హోమ్‌లో జమైకా పెద్దావిడ ఒకరు, 84 ఏళ్ళు. ఒకరోజు దిండు కింద పాత నోట్‌బుక్ చూపించారు. పేర్లు, పక్కన వారాలు, టిక్కులు. చూడగానే నవ్వొచ్చింది, మా అమ్మ చీటీల పుస్తకం కూడా ఇంతే, కాకపోతే అది వెనక పేజీలో చాకలి పద్దుతో.

దీన్ని వాళ్ళు పార్డ్‌నర్ అంటారు. డబ్బు జమచేసే ఆవిడ ‘బ్యాంకర్’. వారం వారం కట్టేది ‘హ్యాండ్’. ఎత్తుకునేది ‘డ్రా’. మన చీటీలాగా పాట ఉండదు, వరస ప్రకారం ఒక్కొక్కరికి మొత్తం వస్తుంది. ట్రినిడాడ్‌లో దీన్నే సూసూ అంటారు, యోరుబాల ‘ఎసుసు’ నుంచి వచ్చిన మాట. బానిసలుగా పట్టుకెళ్ళినవాళ్ళతో పాటు సముద్రం దాటిన పద్ధతి. ఇక్కడికొచ్చిన మొదటి తరానికి బ్యాంకులు అప్పులివ్వకపోతే ఈ డ్రా డబ్బుతోనే ఇళ్ళకి అడ్వాన్సులు కట్టారు. ఈవిడ ఇల్లు కొన్నది కూడా అలాగే, గదులు అద్దెకిచ్చిన మొదటివాళ్ళలో ఇద్దరు ఇండియన్ కుర్రాళ్ళట. “అద్దె టైముకి ఇచ్చేవాళ్ళు, వంటింట్లో పసుపు మరకలు మాత్రం పోయేవి కావు” అన్నారు.

గయానా_కోడలు:
మా అత్తగారు దాన్ని బాక్స్ హ్యాండ్ అంటారు! నన్ను కూడా వేయించారు.

వీసా_టెన్షన్:
మధ్యలో వస్తున్నందుకు సారీ. 2018లో బయటపడ్డ విండ్‌రష్ వ్యవహారం గురించి ఎవరూ రాయలేదేం? నాకు నిద్ర పట్టనిది దానివల్లే. ఎక్కువగా కరీబియన్ దేశాల నుంచి చిన్నప్పుడు అమ్మానాన్నల వెంట చట్టబద్ధంగా వచ్చి, నలభై యాభై ఏళ్ళు పన్నులు కట్టినవాళ్ళని, ఉన్న ప్రతి ఏడాదికీ ఏదో ఒక కాగితం చూపించమన్నారు. వాళ్ళు వచ్చిన తేదీలున్న ల్యాండింగ్ కార్డుల్ని హోమ్ శాఖే 2010లో పారేసింది. కొందరికి ఉద్యోగాలు పోయాయి, కొందరికి వైద్యం ఆపేశారు, కొందరిని దేశం నుంచే పంపేశారు. హోమ్ మంత్రి రాజీనామా చేశారు. నేనైతే 2016 నాటి బస్సు పాసు కూడా పారెయ్యలేదు. మా ఆవిడ నవ్వుతుంది.

ఈస్టన్_శ్రీను:
పారెయ్యకండి. పేస్లిప్పులు, పీ60లు (ఏడాది జీతం, పన్ను కాగితాలు) స్కాన్ చేసి రెండు చోట్ల పెట్టుకోండి.

క్రాయిడన్_నైట్‌షిఫ్ట్:
అందరికీ థాంక్స్. నిన్న మీటింగుకి వెళ్ళాను. పదకొండు మందిమి, మెత్తబడిన బిస్కెట్లు. ముందు అరగంట గ్రూపు పేరు మీద గొడవ. నైజీరియా అమ్మాయి ‘బ్లాక్’ అంటే ఆఫ్రికన్, కరీబియన్ వాళ్ళకే ఉండాలంది, మా సిస్టర్ పాత అర్థమే కావాలన్నారు. ఫిలిప్పీన్స్ అబ్బాయి ఒకడు, నేనేం చెప్పను అన్నట్టు కూర్చున్నాడు. తేలలేదు, వచ్చే నెలకి వాయిదా.

తర్వాత జీతాల బ్యాండ్ల (మెట్ల) సంగతి వచ్చింది. బయటి దేశాల నుంచి వచ్చిన నర్సులం బ్యాండ్ 5లో ఎన్నేళ్ళు ఉంటున్నాం, ఇక్కడివాళ్ళు ఎన్నేళ్ళకి 6కి వెళ్తున్నారు, ఎవరి మీద ఎక్కువ విచారణలు పెడుతున్నారు అని. ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) 2015 నుంచి ఇలాంటి లెక్కలు తీసి బయటపెట్టాలట, నాకు తెలీదు. మా ఆస్పత్రి లెక్కలు అడుగుతూ రాసిన ఉత్తరం మీద అందరూ సంతకం చేశారు. నేనూ చేశాను. నా పేరు కింద నైజీరియా అమ్మాయి సంతకం ఉంది. పేరు గొడవ మాత్రం ఆమె వదలనంది.

చీటీల అక్కా, మీ పోస్టు చదివాక మా సిస్టర్‌ని అడిగాను. ఆవిడకీ ఒక పార్డ్‌నర్ ఉంది, అందులో చేరిపోయాను. మార్చిలో నా వంతు, తమ్ముడి ఫీజుకి సరిపోతుంది.