ఈద్ నమాజులో ఒక రకాత్ (నమాజులో ఒక ఆవృత్తి) తప్పితే తక్బీర్లు ("అల్లాహు అక్బర్" అనడం) ఎప్పుడు చెప్పాలి?

అందరికీ సలాం. మాది కర్నూలు, సున్నీల్లో హనఫీ పద్ధతి. మొన్న రంజాన్ పండక్కి నాన్నగారిని ఆటోలో ఈద్గాకు తీసుకెళ్లేసరికి మొదటి రకాత్ అయిపోయింది. పండగ నమాజుకు అజాన్ (నమాజుకు పిలుపు), ఇఖామత్ (నమాజ్ మొదలవుతోందని చెప్పే పిలుపు) ఉండవు కదా, మొదలైందని దూరానికి తెలియలేదు. చెప్పులు పక్కన పెట్టి చివరి సఫ్‌లో (వరుసలో) చేరాం. ఖిరాత్ (ఖురాన్ పఠనం) అయ్యాక ఇమాంగారితోపాటు మూడు తక్బీర్లకు చేతులెత్తి వదిలాం, నాలుగోదానికి రుకూలోకి (నడుం వంచే భంగిమలోకి) వెళ్లాం. అంతవరకు బాగానే ఉంది.

ఇమాంగారు సలాం తిప్పి నమాజ్ ముగించాక లేచి, తప్పిన రకాత్ చదివేటప్పుడు ఆ మూడు తక్బీర్లు ఖిరాత్‌కు ముందు చెప్పాలా, తర్వాతా? నేను ముందు చెప్పాను, నాన్నగారు తర్వాత చెప్పారు. ఆయనకు 70 దాటాయి. తన నమాజ్ అయిందో లేదోనని రోజూ అడుగుతున్నారు, పాపం ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు బక్రీద్‌లోపు దయచేసి చెప్పండి.