కథ ఉన్న లారీకి మార్కులు ఎక్కువ వెయ్యొచ్చా?

ఇరవైనాలుగో వంతు:
పోయిన నెల హైదరాబాద్‌లో మన మోడళ్లవాళ్లు పెట్టిన చిన్న ప్రదర్శనకి వచ్చినవాళ్లకి ఆ నీలం లారీ గుర్తుండే ఉంటుంది. రానివాళ్ల కోసం చెబుతున్నా. 1:24 స్కేలు, అంటే అసలు లారీలో ఇరవైనాలుగో వంతు సైజులో చేసిన టాటా 1210 మోడల్. భాగాలు తయారుగా వచ్చే కిట్ కాదు, మొత్తం సన్‌బోర్డ్ అనే ప్లాస్టిక్ పలక కోసి కట్టింది. పక్కన అరపేజీ కాగితం. 1986లో కైకలూరు చేపల వ్యాపారి కొన్నాడు, విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించాడు, పదమూడేళ్లు హౌరాకి చేపలు తోలింది, ఆయన పోయాక కొడుకులు పంచుకోలేక చెరువు గట్టున వదిలేశారు, ఇప్పుడు అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. అంతా కల్పితం. ఆ వ్యాపారీ లేడు, కొడుకులూ లేరు.

లారీ బాగుంది, కాదనను. కానీ జనం లారీని చూసింది తక్కువ, కాగితం చదివింది ఎక్కువ. చదివి అయ్యో అనుకుని మార్కులేశారు. ప్లేటు మీద "ఏపీ 16" అని ఉంది. 1986లో ఏపీ 16 ఎక్కడిదండీ? జిల్లాకో అంకె వచ్చింది 1989లో. అంతకుముందు "ఏ"తో మొదలయ్యే మూడక్షరాలు, పక్కన అంకెలు, అంతే. ఆ మాటే అడిగితే చేసినాయన తడుముకోకుండా "తర్వాత మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించారండీ, కాగితంలో చోటు చాలక రాయలేదు" అన్నారు. పాత నంబర్ల బళ్లు అవే నంబర్లతో 2000 దాటాక కూడా తిరిగాయి. ఉన్న ఊళ్లో ఉన్న బండికి కొత్త నంబరు ఎవరిస్తారు?

ఇదీ నా బాధ. తప్పు దొరికిన చోటల్లా కథ ఒక వాక్యం పెరుగుతుంది. వచ్చే ప్రదర్శనకైనా కథకి మార్కులుండాలా వద్దా తేల్చుకుందాం.

పాత గేర్ రాడ్డు:
వద్దు. మోడల్ అంటే కొలత. కథ రాసే సరదా ఉంటే వారపత్రికకి పంపుకోవచ్చు.

డాలస్ బాబాయ్:
గేర్ రాడ్డు గారూ, అంత తేలిగ్గా కొట్టేయకండి. నేనిక్కడ కిట్లు కట్టడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇక్కడి మోడల్ కిట్ల కంపెనీ ఏఎంటీ వాళ్ల పాత 1:25 కారు కిట్లలో ఒకే పెట్టెలో మూడు రకాలకి సరిపడా భాగాలుండేవి: ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు, సొంతదారు సోకులు చేయించుకున్నట్టు, రేసుకి దింపినట్టు. అంటే పెట్టె మూత తియ్యగానే "ఈ కారు ఎవరిది" అని కంపెనీవాడే అడుగుతున్నాడన్నమాట. ఆ ప్రశ్నకి జవాబే కదా కథ!

రైలు మోడళ్లవాళ్లయితే ఇంకా ముదుర్లు. కాలిఫోర్నియాలో జాన్ అలెన్ అనే ఆయన ఇంటి కింది గదిలో కొండలు, వంతెనలు, ఊళ్లతో లేని రైల్వే ఒకటి కట్టాడు. దాని పేరు పలికితే "గోరీ అండ్ డిఫీటెడ్" అని వినబడుతుంది, అంటే రక్తం ఓడి ఓడిపోయినవాళ్లని. కావాలని పెట్టిన ఎకసెక్కం. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయింది. ఈ రోజుకీ దాని ఫోటోలు చూసి నేర్చుకుంటారు తప్ప "ఆ పేరుతో రైల్వే లేదు కదా" అని ఎవరూ పెదవి విరవరు.

పాత గేర్ రాడ్డు:
రైల్వే మొత్తం లేకపోతే అది కల్పన. టాటా 1210 ఉంది కదా బాబాయ్. ఉన్నదానికి లేనిది అంటగడితేనే గొడవ.

కొల్లేటి కొంగ:
ఆ లారీ నాదే. ముందు ప్లేటు సంగతి. అందరి ముందు అడిగేసరికి నోటికొచ్చింది చెప్పాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. మూడక్షరాల ప్లేటు మళ్లీ రాస్తాను.

కానీ కథ తప్పుల్ని కప్పడానికి పుట్టిందంటే మాత్రం ఊరుకోను. బోర్డు మీద మొదటి గీత గియ్యకముందే ఆ అరపేజీ రాసుకున్నాను. ఎందుకో చెప్తా వినండి.

తుప్పు ఎక్కడ పెట్టాలి? మామూలుగా మనం ఏం చేస్తాం? బానెట్ మీద కొంచెం, తలుపు మీద కొంచెం, చూడ్డానికి బాగుండేలా చిలకరిస్తాం. నేను చేపల లారీ అని రాసుకున్నాక ఆ వీలు పోయింది. చేపల మధ్య ఐసు వేస్తారు. సుమారు 1,200 కిలోమీటర్లు పోయేలోపు అది కరుగుతూనే ఉంటుంది. ఆ నీళ్లు తొట్టి అడుగు పలకల సందుల్లోంచి కారి చాసిస్ వెనక అడ్డకమ్మీ మీద, వెనక మడ్‌గార్డుల లోపలి వైపు, వెనక డోరు కింద పడతాయి. అందుకే నా లారీకి ముందు కన్నా వెనకే ఎక్కువ తిన్నది. కేబిన్‌కి తలుపుల అడుగున, అద్దం రబ్బరు చుట్టూ తప్ప ఎక్కడా పెట్టలేదు. చూసినవాళ్లలో ఎంతమంది వంగి అడుగు చూశారో నాకు తెలీదు గానీ, అక్కడ పన్నెండు రోజులు పట్టింది.

పద్ధతి కొత్తదేం కాదు. ముందు తుప్పు రంగు వేసి, ఆరాక తడిపి, ఉప్పు చల్లి, దాని మీద నీలం కొట్టి, అది ఆరాక వేలితో ఉప్పు రాలగొట్టాలి. మొదటిసారి రాళ్ల ఉప్పు వేసి చెడగొట్టాను. మన స్కేల్లో ఒక మిల్లీమీటరు గింజ రాలితే అసలు లారీ మీద అంగుళం పెచ్చు ఊడినట్టు. గజ్జి పట్టిన లారీలా కనబడింది. తుడిచేసి ఉప్పు మిక్సీలో పొడిచేసి మళ్లీ మొదలుపెట్టా. మా ఆవిడ ఆ మిక్సీ జార్ మళ్లీ వాడలేదు, అది వేరే కథ.

సూదీదారం:
కొంగ గారూ, ఆ లారీ మీద పట్టా కూడా చూశాను, అది బాగాలేదు. అసలు గుడ్డ వేశారు కదా? ఎంత సన్నని మల్లు అయినా ఆ సైజులో గోనెపట్టాలా కనబడుతుంది. టిష్యూ కాగితం పొర విడదీసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, తడిగా ఉండగానే లోడు మీద పరిచి మడతలు పెట్టండి. ఇంకోటి, పదమూడేళ్లు తాడు ఒకే కొక్కానికి కట్టి లాగితే పట్టా ఎక్కడ చిరుగుతుంది? కొక్కెం దగ్గర. మీది నడిమధ్యలో చిరిగింది. కథ మీకు తుప్పు దగ్గర గుర్తుంది, గుడ్డ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయారు.

కొల్లేటి కొంగ:
నిజమే మేడమ్. పట్టా ముందు రోజు రాత్రి పదకొండింటికి వేశా.

ఆటోనగర్ అబ్బాయి:
అన్నా, మా నాన్న బాడీ మేస్త్రీ, నేను లారీల మధ్యే పెరిగాను. నీ కథ ప్రకారం హౌరాకి తోలింది. అంటే ఒడిశా, బెంగాల్ దాటాలి, నేషనల్ పర్మిట్ ఉండాలి. 1989 మోటారు వాహనాల రూల్సులో నేషనల్ పర్మిట్ బండికి రంగు కూడా రాసి ఉంది, ఎండుటాకు రంగు వెయ్యాలని. రెండు పక్కలా 60 సెంటీమీటర్ల గుండ్రంలో "నేషనల్ పర్మిట్" అని రాయాలి. 24తో భాగిస్తే 25 మిల్లీమీటర్లు. నీది పదిహేను కూడా లేదు, పైగా బండంతా నీలం. "నన్ను చూసి ఏడవకురా" మాత్రం చక్కగా రాశావు.

కొల్లేటి కొంగ:
రూలు రూలే, రోడ్డు రోడ్డే కదా తమ్ముడూ!

ఆటోనగర్ అబ్బాయి:
రోడ్డు మీద అలా తిరిగితే చెక్‌పోస్టు దగ్గర ఏమిచ్చుకున్నాడో అది కూడా రాయి మరి కాగితంలో 😄

పాత గేర్ రాడ్డు:
చూశారా, మళ్లీ వాక్యం పెరిగింది. నేను చెప్పింది ఇదే. మరొకటి, ముందు జాలీ మీద బెంజి నక్షత్రం ఉంది. టాటా-బెంజి పొత్తు 1954 నుంచి 1969 దాకానే. 1986 లారీకి నక్షత్రం ఎలా వచ్చింది?

సికింద్రాబాద్ షెడ్డు:
గేర్ రాడ్డన్నా, దాని ముచ్చట నన్ను చెప్పనీ. మా పెద్దబాపు లారీ 1980ల బండే. పాత ఇనుము బజార్ల నక్షత్రం కొనుక్కొచ్చి బిగించిండు. ఎందుకు బాపూ అంటే "బెంజి లారీ అంటే షావుకారు లోడు ఇస్తడు" అనెటోడు. పొత్తు పోయినా పేరు పోలే. ఫ్యాక్టరీ ఫోటో ముందల పెట్టుకొని కొలిస్తే మా పెద్దబాపు లారీ తప్పు మోడల్ అయితది!

ఆర్టీసీ బస్సు నంబర్ల జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిన్రని మా హైదరాబాద్‌ల చెప్పుకుంటరు. అది విన్నప్పటి సంది ఎర్రబస్సు మోడల్ ఎక్కడ కనబడ్డా నా కన్ను ముందు ప్లేటు మీదికే పోతది. కథ తెల్వని రోజుల్ల నాకు నంబరే కనబడకపోయేది.

ఇంకొక్క మాట, వంతు సార్‌ను అడుగుతున్న. ఆ లారీ పక్కన తెల్ల అంబాసిడర్ ఉండె, మార్క్ 4. అది మీదే కదా?

ఇరవైనాలుగో వంతు:
నాదే. ముందే చెప్పాల్సింది. ఏడు నెలలు పట్టింది. అసలు కారు పొడవు 4,325 మిల్లీమీటర్లు, నాది 180. మా కాలనీలో ఉన్న కారు పక్కన టేపు, వెర్నియర్ పట్టుకుని కూర్చుని తీసుకున్న కొలతలు. దాని ముందు ఎవరూ నిమిషం నిలబడలేదు. కడుపుమంట లేదని అనను. ఉన్నంతమాత్రాన ప్రశ్న తప్పు కాదు కదా.

ఆటోనగర్ అబ్బాయి:
ప్రశ్న కరెక్టే సార్. కానీ కాలనీలో ఉన్న మార్క్ 4 అంటే తక్కువలో తక్కువ ముప్పై అయిదేళ్ల బండి. దాని జాలీ, బంపర్, లైటు రింగులు ఉత్తరపాడా ఫ్యాక్టరీలో బిగించినవేనని నమ్మకమేమిటి? మా వీధిలో అంబాసిడర్ అంటే ముందు భాగం ఒక బండిది, తలుపులు ఇంకో బండివి. మీరు కొలిచింది అప్పటి కారునా, నలుగురు మెకానిక్కులు నలభై ఏళ్లు మార్చిన కారునా? మీ చీటీ మీద మాత్రం "మార్క్ 4, 1979" అని రాసి ఉంది. అదీ కథేగా, ఒక్క లైను కథ.

ఇరవైనాలుగో వంతు:
నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లి చూశాను. జాలీ నోవాది, అంటే మార్క్ 4 తర్వాత వచ్చిన అంబాసిడర్‌ది. ఇక నేనేం మాట్లాడను.

సూదీదారం:
అయితే ఒక పద్ధతి చెప్తా. జడ్జీలు మొదట కాగితం బోర్లించి మోడల్ ఒక్కటే చూసి మార్కులెయ్యాలి. తర్వాత కాగితం తిప్పి చదవాలి. చదివాక ఒక్క మార్కు కూడా కలపకూడదు, కొయ్యడమే. చేపల లారీ అన్నావు, తుప్పు ముందెందుకుంది, కొయ్యి. 1986 అన్నావు, ఏపీ 16 ఏంటి, కొయ్యి. ఏమీ రాయనివాడికి కోతా లేదు. అప్పుడు ధైర్యం ఉన్నవాడే రాస్తాడు.

పాత గేర్ రాడ్డు:
ఇదైతే నాకు సమ్మతమే. అరపేజీ రాసినవాడు అరపేజీకీ జవాబు చెప్పాలి.

డాలస్ బాబాయ్:
నాకు సమ్మతం కాదు. ఆ లెక్కన "1979" అని ముక్తసరిగా రాసినవాడు ఎప్పుడూ గెలుస్తాడు, కష్టపడి ఊహించినవాడు ఎప్పుడూ నష్టపోతాడు. తుప్పుకి పట్టిన పన్నెండు రోజులు కాగితం లేకుండా జడ్జీకి ఎలా తెలుస్తాయి?

సూదీదారం:
వంగి చూస్తే తెలుస్తాయి బాబాయ్ గారూ.

కొల్లేటి కొంగ:
ఈ రోజు ప్లేటు మార్చాను. రెండో రిజిస్ట్రేషన్ ముచ్చట ఇక ఉండదు. గుండ్రం 25 మిల్లీమీటర్లకి పెంచాను, నీలం మాత్రం ఉంచేశా, ఆ కోత కోసుకోండి. నక్షత్రం కథ షెడ్డు అన్న అనుమతిస్తే కాగితంలో వాడుకుంటా. పాత ప్లేటు పీకుతుంటే కింద బంపర్ రంగు గోరంత లేచొచ్చింది. దానికి మాత్రం ఏ కథా రాయను.