ఆట మానేసిన మర్నాడే కోచ్ పనా? ఎడ్డీ హౌ దారి అందరికీ చెల్లుతుందా?

వానలో_ఆట:

మొన్న ఒక మిత్రుడితో మొదలైన వాదన ఇక్కడ పెడుతున్నాను. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కింది డివిజన్లలో ఆడేవాళ్లకు ముప్పై దాటేసరికి మోకాలో చీలమండో మొరాయిస్తుంది. అప్పుడు వాళ్ల క్లబ్బే పిలిచి, "ఇక్కడే ఉండిపో, కోచింగ్ చూసుకో" అంటుంది. అది మొహమాటానికి ఇచ్చే ఉద్యోగమని మా మిత్రుడి మాట. నేను ఒప్పుకోను. నాకు ఎడ్డీ హౌ కథ ఒక్కటి చాలు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. హౌ బోర్న్‌మత్ క్లబ్బు డిఫెండర్. 2002లో పోర్ట్స్‌మత్ క్లబ్బు కొనుక్కుంది. మోకాలి చిప్ప దెబ్బతిని అక్కడ రెండే రెండు లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. 2004లో తిరిగి తెచ్చుకుందామంటే బోర్న్‌మత్ దగ్గర డబ్బుల్లేవు. అభిమానులే చందాలేసుకుని దాదాపు 21 వేల పౌండ్లు పోగుచేశారు. అయినా ఆ మోకాలు కుదుటపడలేదు. 29 ఏళ్లకే ఆట ముగిసింది. రిజర్వ్ జట్టు కోచ్‌గా పెట్టుకున్నారు. 2008 సెప్టెంబరులో మేనేజర్ (అంటే పెద్ద జట్టు ప్రధాన కోచ్) కెవిన్ బాండ్‌ని తీసేసినప్పుడు హౌ పనీ పోయింది. తర్వాత యూత్ కోచ్‌గా మళ్లీ వచ్చాడు. ఆ ఏడాది డిసెంబరు 31న కొత్త మేనేజర్ జిమ్మీ క్విన్‌ని కూడా పంపేశారు.

అప్పుడు క్లబ్బు ఉన్న స్థితి చూడండి. 17 పాయింట్ల కోతతో సీజన్ మొదలుపెట్టింది. నాలుగు డివిజన్ల 92 క్లబ్బుల్లో 91వ స్థానం. దాన్ని 31 ఏళ్ల హౌ చేతిలో పెట్టారు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయాడు. అయినా ఉంచారు. ఏప్రిల్‌లో గ్రిమ్స్‌బీ మీద స్టీవ్ ఫ్లెచర్ కొట్టిన గోల్‌తో జట్టు కిందికి జారిపోకుండా లీగ్‌లో నిలిచింది. 2015లో అన్నిటికన్నా పై డివిజన్ ప్రీమియర్ లీగ్‌కి వెళ్లింది. 2025 మార్చిలో అదే హౌ వెంబ్లీలో లివర్‌పూల్‌ని ఓడించి న్యూకాసిల్‌కి లీగ్ కప్ తెచ్చాడు. 1955 తర్వాత ఆ ఊరికి దక్కిన మొదటి దేశవాళీ పెద్ద కప్పు అది.

ఆ 31వ ఏట బయటి మనిషి ఎవరైనా ఆ పని చేయగలిగేవాడా? నేను నమ్మను. ఏ ఆటగాడికి జీతం ఆలస్యమైంది, ఎవరు ఇంట్లో ఇబ్బందుల్లో ఉన్నారు, ఎవరి మడమ నొప్పి నిజం, ఎవరిది సాకు, ఇవన్నీ అతనికి ముందే తెలుసు. పైగా నెలల తరబడి గాయంతో బెంచీ వెనక కూర్చున్నవాడికి ఆట వేరేలా కనిపిస్తుంది. ఆడుతున్నవాడికి ఎదురుగా ఉన్న ఫార్వర్డ్ ఒక్కడే కనిపిస్తాడు.

లెఫ్ట్‌బ్యాక్_3:

అన్నా, నీ కథలోనే నా జవాబు ఉంది. హౌ పక్కనే ఉన్న జేసన్ టిండల్‌ని ఎందుకు వదిలేశావు? అతనూ బోర్న్‌మత్ డిఫెండరే. అదే డ్రెస్సింగ్ రూమ్, అదే ట్రైనింగ్ గ్రౌండ్, ఏళ్లకేళ్లు హౌకి కుడిభుజం. 2020లో హౌ వెళ్లిపోయాక మేనేజర్ కుర్చీ టిండల్‌కే ఇచ్చారు. 2021 ఫిబ్రవరికల్లా తీసేశారు. క్లబ్బు గురించి తెలియడమే అర్హత అయితే అతనికంటే తెలిసినవాడు ఎవరున్నారు? ఇప్పుడు న్యూకాసిల్‌లో మళ్లీ హౌ పక్కన చక్కగా పనిచేస్తున్నాడు. రెండూ వేరు వేరు పనులు.

పాల్ స్కోల్స్ మాంచెస్టర్ యునైటెడ్ స్టార్, కింది డివిజన్ ఆటగాడు కాదు, నిజమే. కానీ చిన్నప్పటి నుంచి ఓల్డమ్ అభిమాని. 2019లో ఆ క్లబ్బుకే మేనేజరయ్యాడు. 31 రోజులు, ఏడు మ్యాచ్‌లు, అంతే. క్లబ్బు మీద ప్రేమ ఉంటే సరిపోదు కదా. నెగ్గినవాడి కథ పదిమంది చెప్పుకుంటారు. ఓడిపోయి ఇంటికెళ్లినవాళ్ల పేర్లు మనకు గుర్తుకూడా ఉండవు.

ఆదివారం_కోచ్:

నేను ఉండేది ఇంగ్లండ్ ఉత్తరాన. మా అబ్బాయి ఆడే అండర్-10 జట్టుకు వాలంటీర్‌గా సాయం చేస్తాను. నాకు ఆట రాదు. కోన్లు పెడతాను, బిబ్‌లు పంచుతాను. పోయిన సీజన్‌లో మా దగ్గరికి ఒకాయన వచ్చేవారు, పదేళ్ల పైన నాలుగో డివిజన్ లీగ్ టూలో, దాని కింది నేషనల్ లీగ్‌లో ఆడిన మిడ్‌ఫీల్డర్. పేరు చెప్పను. ఆయన్ని దగ్గరగా చూశాను కాబట్టి రెండు పక్షాల వాదనా నాకు అర్థమవుతోంది.

మొదటి నెల చాలా కష్టపడ్డారు. పిల్లాడు బంతిని తప్పుగా ఆపితే "అలా కాదు, ఇలా" అని తానే ఆడి చూపించేవారు. చూడ్డానికి ఎంత బాగుండేదో చెప్పలేను. బంతి ఆయన కాలికి అతుక్కున్నట్టు ఆగేది. కానీ పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లే తప్ప ఒక్కడికీ రాలేదు. ఆయన శరీరానికి తెలిసింది ఆయన నోటికి రావడం లేదు. సెషన్ ప్లాన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చేవారు. పది నిమిషాలకే అది పక్కన పడేసి అరవడం మొదలయ్యేది.

తర్వాత ఎప్పుడో మారారు. ఒక వాన ఉదయం గుర్తుంది. బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడాలని పిల్లలకు నేర్పాలి. ఆయన ఏం చేశారంటే, ప్రతి పిల్లాడి వెనకాల నిలబడి చేత్తో వేళ్లు ఎత్తి పట్టుకునేవారు. పాస్ వచ్చేలోపు వాడు ఎన్ని వేళ్లో చెప్పాలి. వెనక్కి చూడకపోతే చెప్పలేడు. అరగంటలో పన్నెండు మంది పిల్లలూ మెడలు తిప్పుతున్నారు! ఆ రోజు ఆయన ముఖం చూడాలి. తర్వాత నాతో, "ఇన్నేళ్లు ఆడాను గానీ నేను వెనక్కి ఎప్పుడు చూస్తానో నాకే తెలియదు, మొన్న నా పాత వీడియో పెట్టుకుని లెక్కపెట్టాను" అన్నారు.

ఆడిన అనుభవం లేకపోతే ఆ ఆలోచన వచ్చేది కాదు. ఆ ఎనిమిది నెలలు చిన్నపిల్లల దగ్గర తప్పులు చేయకపోయినా వచ్చేది కాదు. కాబట్టి ఆటగాడికే పని ఇవ్వండి, కానీ ముందు తప్పులు చేసుకునే చోటు ఇవ్వండి. హౌకి ఆ చోటు దొరికింది. రిజర్వ్ జట్టు, యూత్ జట్టు, మధ్యలో పని పోవడం కూడా. దాదాపు రెండేళ్లు. ఆట మానేసిన మర్నాడే ఎవరూ అతన్ని మేనేజర్ చేయలేదు.

మూడో_డివిజన్:

ఆదివారం_కోచ్ గారి పోస్ట్ రెండుసార్లు చదివాను. కానీ అందరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. క్లబ్బు "మనవాడు" అని ఎవరిని పిలుస్తోంది?

డారెన్ మూర్‌ని చూడండి. టార్కీ, డాంకాస్టర్, బ్రాడ్‌ఫర్డ్ లాంటి క్లబ్బుల్లో ఆడిన సెంటర్‌బ్యాక్. ఆట మానేశాక పైకి రావడానికి కోచింగ్ స్టాఫ్‌లో ఏళ్లు పట్టింది. 2018 ఏప్రిల్‌లో వెస్ట్ బ్రామ్ క్లబ్బుకి కేర్‌టేకర్‌గా, అంటే తాత్కాలిక మేనేజర్‌గా పెట్టారు. అప్పటికే మునిగిపోతున్న జట్టు. మాంచెస్టర్ యునైటెడ్ సొంత గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గెలిచాడు. ఆ నెల ప్రీమియర్ లీగ్ ఉత్తమ మేనేజర్ అవార్డు వచ్చింది. మరుసటి సీజన్‌లో జట్టు రెండో డివిజన్ ఛాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానంలో ఉండగా తీసేశారు. 2023లో షెఫీల్డ్ వెన్స్‌డే మేనేజర్‌గా, పై డివిజన్‌కి వెళ్లే ప్లేఆఫ్‌లో మొదటి మ్యాచ్ 4-0తో ఓడి, రెండో మ్యాచ్‌లో ఆ తేడా పూడ్చి, పెనాల్టీల్లో గెలిచి, ఫైనల్ కూడా గెలిచి ప్రమోషన్ తెచ్చాడు. నెల తిరగకముందే క్లబ్బుతో తెగిపోయింది. ఇదేం లెక్క?

ఇంగ్లిష్ జట్లలో నల్లజాతి ఆటగాళ్లు ఎంతమందో మనం ప్రతి వారం చూస్తున్నాం. డగౌట్‌లో మేనేజర్‌గా ఎంతమంది కనిపిస్తున్నారు? మేనేజర్ పనికి దరఖాస్తులు పిలిచి ఇంటర్వ్యూలు పెడితే మైనారిటీ అభ్యర్థి ఒకరినైనా పిలవాలని ప్రీమియర్ లీగ్ కింది మూడు డివిజన్లు నడిపే ఈఎఫ్‌ఎల్‌లో రూల్ ఉంది. కానీ ఇంటర్వ్యూలే పెట్టకుండా తెలిసినవాడికి ఫోన్ చేస్తే ఆ రూల్ ఏం చేస్తుంది? "మనవాడికే ఇద్దాం" అన్న అభిమానం వెనక ఈ తలుపు మూసుకుపోతోంది. అందుకే 2020లో ప్రీమియర్ లీగ్, ఈఎఫ్‌ఎల్, ఆటగాళ్ల యూనియన్ పీఎఫ్‌ఏ కలిసి పెట్టిన స్కీమ్ నాకు నచ్చింది. నల్లజాతి, ఆసియా, ఇతర మైనారిటీ ఆటగాళ్లలో ఏటా ఆరుగురిదాకా తీసుకుని, 23 నెలలు ఈఎఫ్‌ఎల్ క్లబ్బుల్లో జీతంతో పని నేర్పిస్తారు. ఆదివారం_కోచ్ గారు అడిగిన "తప్పులు చేసుకునే చోటు" అదే. 72 క్లబ్బులున్న లీగ్‌లో ఆరుగురంటే చాలా తక్కువ.

వానలో_ఆట:

మూడో_డివిజన్ గారూ, మీ మాటకు నా దగ్గర ఎదురు లేదు. హౌ కథ చెప్పేటప్పుడు ఆ ఫోన్ ఎవరికి రాలేదో నేను ఆలోచించలేదు. మొదటి పోస్ట్‌లో నా మాట సవరించుకుంటున్నాను. క్లబ్బు తన ఆటగాడిని నిలుపుకోవాలి, కానీ అకాడమీలో, రిజర్వ్ జట్టులో. మేనేజర్ కుర్చీకి మాత్రం అందరినీ పిలిచి చూడాలి.

లెఫ్ట్‌బ్యాక్ తమ్ముడూ, టిండల్ విషయంలో నీదే కరెక్ట్. కానీ గ్రాహమ్ పాటర్‌ని కూడా లెక్కలోకి తీసుకో. నీలాగే లెఫ్ట్‌బ్యాక్. యార్క్, మాకిల్స్‌ఫీల్డ్‌లలో ఆడి ముప్పై ఏళ్లకు ఆపేశాడు. డిగ్రీ చదివాడు, యూనివర్సిటీ జట్లతో పనిచేశాడు. 2011లో స్వీడన్ నాలుగో డివిజన్‌లో ఉన్న ఓస్టర్‌సుండ్ జట్టుకు కోచ్ అయ్యాడు. 2018లో ఆ జట్టు ఆర్సెనల్‌ని వాళ్ల గ్రౌండ్‌లోనే 2-1తో ఓడించింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపితే ఓస్టర్‌సుండే ఓడి బయటికెళ్లిందనుకో. పాత క్లబ్బు పిలవకపోయినా దారి ఉంటుందని చెప్పడానికి ఇది.

లెఫ్ట్‌బ్యాక్_3:

ఉంటుంది అన్నా, దూరం వెళ్లగలిగితే. లీగ్ టూలో ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టులతో బతికి, ముప్పైమూడేళ్లకు ఇద్దరు పిల్లలతో ఇంటి అప్పు కట్టేవాడు ఊరు వదిలి ఎంతమంది వెళ్లగలరు? కోచింగ్ లైసెన్సులు సి, బి, ఏ, ఆ పైన ప్రో. ఫీజులకు పీఎఫ్‌ఏ సాయం చేస్తుంది. కానీ అకాడమీ పని సాయంత్రాలు, శనాదివారాలు. పగలు ఇంకో ఉద్యోగం చేయాలి. చాలామంది అక్కడే వదిలేస్తున్నారు. ఆదివారం_కోచ్ గారూ, మీ దగ్గరికి వచ్చిన ఆయన ఇప్పుడేం చేస్తున్నారు?

ఆదివారం_కోచ్:

పగలు డెలివరీ వ్యాన్ నడుపుతున్నారు. మంగళ, గురువారాల్లో ఒక క్లబ్బు అకాడమీలో అండర్-13 చూస్తున్నారు. బి లైసెన్స్ సగంలో ఉంది. మొన్న గ్రౌండ్‌కి వచ్చి మా వాళ్ల మ్యాచ్ చూశారు. మా అబ్బాయి బంతి తీసుకునేముందు వెనక్కి తిరిగి చూశాడు. ఆయన టచ్‌లైన్ బయట నుంచి మూడు వేళ్లు ఎత్తి చూపించారు.