గది మధ్య చెక్క ఫ్రేమ్ కట్టడానికి వడ్రంగిని ఎలా ఎంచుకోవాలి?

మేడ మీద పెద్ద గదిని రెండుగా విడదీయాలనుకుంటున్నాం. మధ్యలో చెక్క ఫ్రేమ్ నిలబెట్టి, రెండు వైపులా జిప్సం బోర్డు బిగించాలి. ఒక తలుపు కూడా రావాలి. ఇద్దరు కార్పెంటర్లు వచ్చి చూశారు. నిలువు చెక్కలు 16 అంగుళాలకొకటి వేయాలని ఒకాయన, 24 చాలని ఇంకొకాయన. బోర్డు వెడల్పు 4 అడుగులు కాబట్టి రెండు లెక్కల్లోనూ అంచు చెక్క మీదికే వస్తుంది. 24 అయితే చెక్క ఆదా, నిజమే, కానీ గోడ మీద బరువైన అరలు తగిలిస్తే ఆగుతుందా?

అల్మారాలు నున్నగా చేసేవాళ్లు చాలామందే దొరుకుతున్నారు. లోపల దాగిపోయే ఈ ఫ్రేమ్ పని బాగా వచ్చినవాళ్లను ఎలా గుర్తుపట్టాలి? పాత పని చూపించమంటే పాలిష్ కొట్టిన తలుపుల ఫొటోలే చూపిస్తున్నారు! నాకు కావలసింది బోర్డు బిగించకముందు ఫ్రేమ్ ఎలా ఉందో. అది నిటారుగా లేకపోతే తలుపు పట్టేస్తుంది కదా.

చెక్క మేమే కొనిచ్చి కూలి మాత్రం మాట్లాడుకోవడం మేలా, మొత్తం గుత్తకు ఇచ్చేయడమా? పచ్చి చెక్క తెచ్చి బిగిస్తే తర్వాత వంకర పోతుందని టెన్షన్‌గా ఉంది. ఆరిందో లేదో మీటరు లేకుండా తెలుసుకునే పద్ధతి ఏమైనా ఉందా? కరెంటు వైర్లు లాగేదాకా బోర్డు మూయొద్దని, అప్పటిదాకా కొంత డబ్బు ఆపుతామని ముందే అంటే పనివాళ్లు ఒప్పుకుంటారా? ఇలాంటి పని చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.