ఫీల్డ్‌వర్క్‌కు ముందు మెథడాలజీ (పరిశోధన పద్ధతులు) చదవాలా, నేరుగా ఊళ్ళోకి వెళ్ళాలా?

మూసీ ఒడ్డు:
హైదరాబాద్‌లో ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) ఎం.ఏ. చదువుతున్నాను. వేసవిలో ఆదిలాబాద్ వైపు ఒక గోండు గూడెంలో ఆరు వారాలు ఉండాలి. దానికి ముందు సెమిస్టరంతా మెథడాలజీ పేపరుకే పోతోంది. శాంపిల్ (అంటే అందరిలోంచి మాట్లాడటానికి ఎంచుకునే కొందరు) ఎన్ని రకాలు, ఇంటర్వ్యూ ఎన్ని రకాలు, వాటి నిర్వచనాలు. మనుషుల్లోకి వెళ్తే పద్ధతి దానంతట అదే పట్టుబడుతుందని నా వాదన. మా శాస్త్రంలో ఫీల్డ్‌వర్క్‌కు పేరుపడ్డ మలినౌస్కీకి ఎవరు నేర్పారు? 1915-18 మధ్య న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో గుడారం వేసుకుని ఉంటేనే కదా ఈ శాస్త్రానికి ఒక పద్ధతి వచ్చింది! 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మన మానవశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ నోట్సు తగలబడిపోతే, మైసూరు వైపు తాను ఉండి వచ్చిన రాంపురా గ్రామం గురించి జ్ఞాపకంతోనే పుస్తకం రాశారు. అక్కడ ఉండటమే అసలు చదువు. కాదనేవాళ్ళు చెప్పండి.

పాత నోటుబుక్కు:
నేను కాదంటాను తమ్ముడూ. మలినౌస్కీ చేతులూపుకుంటూ వెళ్ళలేదు. లండన్‌లో మానవశాస్త్రవేత్త సెలిగ్మన్ దగ్గర చదువుకుని వెళ్ళారు. ట్రోబ్రియాండ్ కంటే ముందు న్యూగినీలోనే మైలూ అనే చోటి వాళ్ళ మధ్య పనిచేసినప్పుడు, ఏం అడగాలో చెప్పే ‘నోట్స్ అండ్ క్వెరీస్’ కైపుస్తకం వెంట ఉంది. ఆ పనిలో లోపాలు తెలిసొచ్చాకే రెండోచోట నెలల తరబడి ఉండి, భాష నేర్చుకున్నారు. ఇక శ్రీనివాస్ గారిది. కాలిపోయింది ఆయన వర్గీకరించి పెట్టుకున్న నోట్సు, మూడు ప్రతులూ. అంత శ్రద్ధగా రాసుకున్న మనిషికి ఊరు గుర్తుండిపోవడంలో వింత లేదు.

అయితే మీ పేపరు మీద నాకూ కోపమే. నిర్వచనాలు చెప్తారు, ప్రశ్న అడగడం నేర్పరు. నా మొదటి పని కూకట్‌పల్లి వైపు ఒక కూలీల అడ్డా మీద. ఇంగ్లీషులో తయారైన ప్రశ్నావళిని తెలుగులోకి మార్చుకుని వెళ్ళాను. “నెలకు ఆదాయం ఎంత?” అని అడిగితే, పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా కాగితం వైపు చూసి, “ఎంత రాసుకుంటారో రాసుకోండమ్మా” అన్నాడు. ఏ రోజుకారోజు కూలి తీసుకునే మనిషికి నెల ఆదాయమన్న లెక్కే లేదు. మర్నాడు ప్రశ్న మార్చాను. నిన్న పని దొరికిందా? ఎంత ఇచ్చారు? మొన్న? అటుమొన్న? అలా వారం వెనక్కి వెళ్ళేసరికి పని దొరకని రోజులు, మేస్త్రీ బాకీ పెట్టిన రోజులు, ఆటోకు పోయిన డబ్బులు అన్నీ బయటపడ్డాయి.

అదే కాగితంలో ‘అంకుల్’ అని ఒక గడి ఉండేది. పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త మొగుడు అందరూ అందులోనే. మేనమామ కూతురు మరదలు, బాబాయి కూతురు చెల్లెలు. ఆ తేడా చెరిపేసిన కాగితంతో మన పెళ్ళిళ్ళ గురించి ఏం రాయగలం? మెథడాలజీ క్లాసులో జరగాల్సింది ఇదీ, గడి గడికీ కూర్చుని ఇలా తగువులాడటం.

అంకెల మనిషి:
అడ్డా ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్తాను. శాంపిల్ అంటే చాలామందికి చులకన. మీరు పొద్దున తొమ్మిదింటికి అడ్డాకు వెళ్తే ఎవరు కనిపిస్తారు? వయసులో ఉన్నవాళ్ళను, చేతిలో తాపీ ఉన్నవాళ్ళను మేస్త్రీలు అప్పటికే తీసుకెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళతో మాట్లాడి, ఇక్కడ ఎవరికీ పని దొరకడం లేదని రాస్తారు. ఆరింటికి వెళ్ళినవాడు ఇంకో కథ రాస్తాడు. ఇద్దరూ అక్కడ ఉన్నవాళ్ళే, ఇద్దరూ నిజాయితీపరులే. మీరు కలవని మనిషి ఎవరన్న ప్రశ్నను అక్కడ ఉండటం ఒక్కటే మీచేత అడిగించదు.

ఉట్నూరు నుంచి:
నేను గోండును, ఉద్యోగం హైదరాబాద్‌లో. మీరందరూ ఏం అడగాలన్న దగ్గరే ఆగారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, గోండుల పరిస్థితి పరిశీలించే పనిని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. అంటే మా దగ్గర పరిశోధన భూమి గొడవతోనే మొదలైంది. వేలిముద్ర వేయించుకుని షావుకార్లు భూములు లాక్కున్న సంగతి మా తాతలు చెప్పేవాళ్ళు. ఆదివాసీల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా 1/70 చట్టం వచ్చినా ఆ భయం పోలేదు. అలాంటి గూడెంలో మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన అంగీకార పత్రం (పరిశోధనకు ఒప్పుకుంటున్నామని రాసిచ్చే కాగితం) తీసి సంతకం పెట్టమంటే ఏమవుతుంది? ఒకసారి మా ఇంటికి వచ్చిన విద్యార్థికి మా అమ్మ అన్నం పెట్టింది, కబుర్లు చెప్పింది. అతను ఆ కాగితం తీయగానే లేచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ మాట్లాడలేదు. గూడెం పెద్ద పటేల్ ముందు నలుగురినీ కూర్చోబెట్టి, ఎందుకొచ్చారో, ఏం రాస్తారో, ఎవరికి చూపిస్తారో నోటితో చెప్పి ఉంటే సరిపోయేది.

హైమెన్‌డార్ఫ్ భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మా గోండుల ఊరు మార్లవాయిలో సమాధి చేశారు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చారు, అందుకే మావాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. ఆరు వారాలకు వచ్చే మీరు రాసింది మాకెప్పుడు చదివి వినిపిస్తారు?

మూసీ ఒడ్డు:
మలినౌస్కీ మాట వెనక్కి తీసుకుంటున్నాను అక్కా. అంగీకార పత్రం గురించి మా గైడుతో రేపే మాట్లాడతాను. చదివి వినిపించడానికి వర్షాకాలం అయ్యాక మళ్ళీ వెళ్తాను, ఆ ఖర్చు ఇప్పటినుంచే దాచుకోవాలి. కానీ సెమిస్టరంతా గదిలోనే కూర్చోవాలన్నది ఇప్పటికీ ఒప్పుకోను. ఈ వారం మా హాస్టల్ దగ్గరి అడ్డాకు రోజూ ఆరింటికి ఒకసారి, తొమ్మిదింటికి ఒకసారి వెళ్ళి, ఏ రోజు నోట్సు ఆ రాత్రే రాస్తాను. ఉట్నూరు అన్నా, వేసవిలోగా నాకు కొంచెం గోండి నేర్పుతారా?

ఉట్నూరు నుంచి:
నేర్పుతాను. ఆదివారం రా. ముందు వరసలతో మొదలుపెడదాం, మా అమ్మ కూడా అప్పటికి ఇక్కడే ఉంటుంది. కాగితాలు మాత్రం తీసుకురావద్దు.