స్పీడ్ చలానాకి కోర్టు సమన్లు: నాన్నగారు స్వయంగా వెళ్ళాల్సిందేనా?

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, మద్దిలపాలెం. కారు నాన్నగారి పేరు మీద ఉంది, నడిపేది మాత్రం నేనే. హైవే మీద ఎండాడ దగ్గర స్పీడ్ ఎక్కువైందని పడిన చలానా కట్టలేదంటూ ఇప్పుడు ఆయన పేరుకి సమన్లు వచ్చాయి. ఆర్సీలో ఎప్పుడో వాడి వదిలేసిన నంబరు ఉంది, మెసేజ్‌లన్నీ దానికే పోయినట్టున్నాయి.

డబ్బు పెద్ద విషయం కాదండీ. మోటారు వాహనాల చట్టం 183 సెక్షన్ కింద కార్లకి వెయ్యి నుంచి రెండు వేల దాకా జరిమానా. కట్టేద్దామని ఈ-చలాన్ సైట్ తెరిస్తే ‘కోర్టుకు పంపబడింది’ అని చూపిస్తోంది, కట్టే బటనే లేదు. ఫొటోలో నంబర్ ప్లేట్ స్పష్టంగా ఉంది, మా కారే.

నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, కోర్టు మెట్లెక్కడం కష్టం. పైగా సమన్ల కాగితం చూసిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్, అన్నం కూడా సరిగా తినడం లేదు. అదే చట్టం 208 సెక్షన్ ప్రకారం ఇలాంటి చిన్న కేసుల్లో లాయర్‌ని పంపొచ్చు, లేదా తప్పు ఒప్పుకుంటూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపొచ్చు అని చదివాను. మా సమన్లలో ఆ మాటే లేదు, హాజరు కావాలని మాత్రం ఉంది.

ఇక్కడి జిల్లా కోర్టులో ఈమధ్య ఎవరైనా ఇలా కట్టారా? నడిపింది నేనేనని చెప్పి నేను వెళ్తే ఒప్పుకుంటారా, వకాలత్ (లాయర్‌కి రాసిచ్చే అధికార పత్రం) తప్పనిసరా? వాయిదా లోపే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చా? తెలిసిన లాయరు గారు జరిమానాకి మించి ఫీజు చెప్పారు, అందుకే ముందు మిమ్మల్ని అడుగుతున్నాను. ‘పట్టించుకోకు, ఏమీ కాదు’ అనే సలహా మాత్రం వద్దండీ, అది మా బావగారు ఇప్పటికే ఇచ్చేశారు.